చదివినట్టు భావించి

భాద్రపద శుద్ధ అష్టమి

ఈ పుస్తకం కౌన్సిలుది కాదు, నాది. కౌన్సిలు పుస్తకంలో రాయకూడనివన్నీ ఇందులో రాస్తాను. ఆపేవాడెవడో వచ్చి ఆపమనండి చూద్దాం.

ఇవాళ్టి సమావేశంలో తొమ్మిదో అంశం నా మొగుడు. "జ్యేష్ఠ పౌర్ణమి ముంపుపై విచారణ నివేదిక" అని దానికి పేరు. మేయర్ సోమశేఖరంగారు కళ్ళజోడు సవరించుకుని తాపీగా చదివారు. పంపులపేటలో ముప్పై ఒక్క ఇళ్ళు మునగడానికీ, తాను చావడానికీ కూడా డ్యూటీలో నిద్రపోయిన పంపు డ్రైవరు ఇశ్రాయేలు అజాగ్రత్తే కారణమట. ఆ రోజుకు ఎవరైనా పూచీ పడినట్టు రికార్డులో లేదు కాబట్టి, డ్యూటీలో ఉన్న మనిషిదే పూచీ అట. నలభై మంది మెంబర్లలో ముప్పై తొమ్మిది చేతులు లేచాయి. లేవని ఒక్క చెయ్యి మా పేట మెంబరు జైనబ్బీది. నేను పక్కన చిన్నబల్ల దగ్గర కూర్చుని "మెజారిటీతో ఆమోదించడమైనది" అని రాశాను. నా పేరు దీవెనమ్మ. గోడూరు నగర కౌన్సిల్లో పంతొమ్మిదేళ్ళుగా మినిట్స్ రాసేది నేనే. ఆ వాక్యం కూడా ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో రాశాను. అందుకే నా మీద నాకు ఒళ్ళు మండుతోంది.

ఇశ్రాయేలు నిద్రపోలేదు. వైశాఖంలో కౌన్సిలు ఒక తీర్మానం చేసింది. నడిబజారులో కొత్తగా తవ్విన వెన్నెల కొలను ప్రారంభోత్సవానికి మా పేట నాలుగో పంపును ఒక్కరోజు పట్టుకుపోవాలని. మా పేట సముద్రపు గోడకి ఆనుకుని పల్లంలో ఉంటుంది. మూడో పంపు, నాలుగో పంపు, రెండూ కలిసి తోడితేనే పోటు నీరు బయటికి పోతుంది. ఆ రోజు పౌర్ణమి, పెద్ద పోటు ఉంటుంది, ఒక్క పంపుతో ఆగదు అని జైనబ్బీ మొత్తుకుంది. మేయరుగారు బల్ల గుద్ది మరీ అన్నారు: "ఏదన్నా జరిగితే పూచీ నాది. ఆ రోజు పంపులపేటకి సోమశేఖరం పూచీ. రాసుకోండి."

రాసుకోండి అన్నారు. నేను రాయలేదు.

ఎందుకు రాయలేదంటే, రాయకపోవడమే నా ఉద్యోగం. పూర్వం తీర్మానాలు కాగితాల మీదే చెదలు పట్టేవని, గోడ కట్టాక ఊరి పని అంతా యంత్రం చేతికిచ్చారు. దాన్ని మేమందరం పెద్ద గుమాస్తా అంటాం. ఆమోదమైన మినిట్స్ దాని నోట్లో పడితే చాలు, పంపులు కదులుతాయి, గేట్లు తెరుచుకుంటాయి, ఇళ్ళ తాళాలు మారిపోతాయి. దానికి మొహమాటం లేదు, ఫోను చేస్తే ఎత్తదు. మెంబరు మాటలో పేరు, చోటు, రోజు మూడూ కనిపించాయంటే హామీ కింద పట్టుకుని అమలు చేసేస్తుంది. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి వారమే చెప్పాడు: నాయకులన్నాక మాట్లాడతారు, నువ్వు వడకట్టాలి, ఆ మూడింట్లో ఒకటి తీసెయ్. పంతొమ్మిదేళ్ళు వడకట్టాను. ఆ రోజూ వడకట్టాను. "మేయరుగారు సభ్యురాలికి తగు భరోసా ఇచ్చారు" అని రాశాను.

పౌర్ణమి పొద్దున పోటు వచ్చింది. మూడో పంపు గస పెట్టింది. పంపు గదిలో ఎప్పటిదో పాత డీజిల్ ఇంజను ఉంటే, ఇశ్రాయేలు రొమ్ములోతు నీళ్ళలో నిలబడి హ్యాండిల్ తిప్పాడు. అది ఎదురు తన్నింది. నీళ్ళ గుంటలో పడ్డవాడు మళ్ళీ లేవలేదు. నా ఒక్క వాక్యం పుస్తకంలో ఉండుంటే ఇవాళ ఆ తొమ్మిదో అంశం ఉండేది కాదు.

భాద్రపద శుద్ధ దశమి

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. నీళ్ళ విషయంలో తప్పు పడిన ఇంటివాళ్ళు కుళాయి దగ్గర ఆఖరున నిలబడాలి. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు. నిన్నటి నుంచి మా అత్త సుందరమ్మ ఆఖరున నిలబడుతోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నేను పోతానంటే వినలేదు. "కన్నది నేను గదే, నిలబడాల్సింది నేనే" అంది. ఆమె బిందె పెట్టే వేళకి కుళాయి సన్నగా కారుతూ ఉంటుంది.

ఇవాళ ఆఫీసుకి పోగానే సవరణ కాగితం రాశాను. వైశాఖ సమావేశంలో మేయరుగారు అన్న ఫలానా మాటను నేను వదిలేశాను, తప్పు నాది, ఇప్పుడు చేర్చమని కోరుతున్నాను అని. దీంతో నా ఉద్యోగం పోతుందని తెలుసు. పోనీ. పెద్ద గుమాస్తా నుంచి వెంటనే చీటీ వచ్చింది: రాసినవారి మాట చాలదు, అన్నవారి సంతకం కావాలి. సభ రికార్డింగులు నెల తిరిగేసరికి చెరిపేస్తారు, వైశాఖానిది ఎప్పుడో పోయింది.

మేయరుగారి గదికి పోయాను. ఆయన నడిబజారు నమూనా ముందు నిలబడి బొమ్మ చెట్లను అటూ ఇటూ జరుపుతున్నారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు తెప్పించారు, ఇశ్రాయేలు మంచివాడని కూడా అన్నారు. కాగితం చదివి నవ్వారు.

"నేనలా అన్నానా? గుర్తులేదమ్మా. రాసి ఉందా?"

లేదన్నాను.

"మరి రాసి లేంది నేనెట్టా అంటాను?"

నీళ్ళ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. పళ్ళు కొరుక్కుంటూ మెట్లు దిగాను. సరే. రాసి ఉంటేనే అన్నట్టయితే, ఇకమీదట అన్నదంతా రాస్తాను. దగ్గితే దగ్గారని రాస్తాను.

భాద్రపద బహుళ అష్టమి

కౌన్సిలు అష్టములకే కూడుతుంది. ఆ రోజుల్లో పోటు తక్కువ, మెంబర్ల బూట్లు తడవవు. ఈ అష్టమికి రాసింది వచ్చే అష్టమికి ఆమోదమవుతుంది, అప్పుడే అమలు. ఈ పదిహేను రోజుల ఎడం మనుషులు ఆలోచించుకోవడానికి పెట్టారు. దాన్ని ఆలోచనకు వాడినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

ఇవాళ ఒకటే పెద్ద అంశం. నడిబజారు అభివృద్ధి రెండో దశ. కొలను చుట్టూ నడక దారి, తేలే హోటళ్ళు, సంగీతానికి ఎగిరే నీళ్ళు. నిధులు ఎటూ నడిబజారుకే పోతాయి, అది కొత్త కాదు. మా పేట మురుగు కాలవకి తొమ్మిదేళ్ళుగా "పరిశీలించబడుతుంది" అని నేనే రాస్తున్నాను. ఈసారి నిధులతో తృప్తి పడలేదు. కొలనులో నీరు తాజాగా ఉండాలంటే రెండు పంపులు కావాలట, మా మూడో పంపూ నాలుగో పంపూ శాశ్వతంగా అక్కడికి తరలించాలట. వాటి బదులు మాకు భూమి కింద గొట్టం ఒకటి వేశారట, నీరు దానంతటదే పోతుందట. ఇంజనీరు పటం చూపించాడు. పటంలో అన్నీ పోతాయి.

జైనబ్బీ లేచింది. ఆమె చేపల బజారులో పెరిగిన మనిషి, గొంతు ఎత్తనక్కర్లేదు, మామూలుగా మాట్లాడినా గ్యాలరీ దాకా వినబడుతుంది.

"పంపులు రెండూ పట్టుకపోతే పౌర్ణమికి మా జనం యాడుండాల సార్? అది చెప్పి అప్పుడు తీసకపోండి."

గ్యాలరీ నిండా నడిబజారు షాపుల వాళ్ళు కూర్చున్నారు. జనాన్ని చూస్తే మేయరుగారికి ఊపు వస్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. లేచి, కండువా సర్దుకుని, ఇటు నా చిన్నబల్ల వైపు ఒక చూపు విసిరి మొదలుపెట్టారు.

"పంపులపేటలో చుక్క నీరు నిలవదు. నిలుస్తుందని భయపడే ముప్పై ఒక్క కుటుంబాలూ పంపులు తీసిన రోజునే వచ్చి కొలనుగట్టు పన్నెండో నంబరులో, మా ఇంట్లో ఉండొచ్చు. ఇరవై రెండు గదులున్నాయి. నేను, సోమశేఖరాన్ని, అదే రోజు ఒక్కణ్ణే పోయి పంపులపేటలో ఆ ఇశ్రాయేలు ఇంట్లో కాపురం పెడతాను. చాలా జైనబ్బీగారూ? రాసుకోమ్మా దీవెనమ్మా."

సభ గొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టారు. నా మొగుడి పేరు మీద చప్పట్లు.

రాసుకున్నాను. పేరుంది, చోటుంది, రోజుంది. ఒక్క అక్షరం వడకట్టలేదు. "సభలో నవ్వులు, చప్పట్లు" అని కూడా రాశాను, ఏ మెంబరు ఎక్కువసేపు కొట్టాడో పేరుతో సహా.

భాద్రపద బహుళ ద్వాదశి

మినిట్స్ సాపు చేశాను. ఎప్పుడూ నాలుగు పేజీలు దాటనివి పద్నాలుగు పేజీలయ్యాయి. నలభై కట్టలు కట్టి, ఎర్ర నాడాతో రెండేసి ముళ్ళు వేసి, ఒక్కొక్కరి అరలో పెట్టాను. మేయరుగారి కట్టను మాత్రం స్వయంగా తీసుకుపోయాను. దొంగచాటుగా చేశానని రేపెవరూ అనకూడదు. నా పగ పగటి పూట పగే.

ఈసారి కాస్త పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి సార్, అన్నాను. ఆయన కట్టను చేత్తో తూచి చూసి, పంతొమ్మిదేళ్ళ నుంచి నువ్వు రాస్తుంటే మేం చదవడమేమిటమ్మా, నీ మీద నమ్మకం లేకపోతే కదా అన్నారు. అని, దాని మీద టీ కప్పు పెట్టారు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె బియ్యపు మూట అటక మీదికి ఎక్కిస్తోంది, అమావాస్య దగ్గర పడింది కదా. అంతా మూట పట్టుకునే వింది. "మనిళ్ళు మునిగిపోవా?" అంది. మునుగుతాయన్నాను. నేను రాసినా మునుగుతాయి, రాయకపోయినా మునుగుతాయి, ముప్పై తొమ్మిది చేతులు లేచాయి. కాకపోతే రాస్తే మనకు పడుకోవడానికి చోటుంటుంది, ఆయనకు తడవడానికి చోటుంటుంది. అత్త మూట తోసేసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నా బిడ్డ నిద్రపోలేదని ఆయన నోటెంట రావాల. అంతే నాకు గావాల్సింది. ఇళ్ళు బోతే బోనీ."

భాద్రపద అమావాస్య

పోటు. రెండు పంపులూ పొద్దుటి నుంచి తోడుతూనే ఉన్నాయి. నీళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఈ ఇంట్లో ఇదే ఆఖరి పొడి అమావాస్య. ఇశ్రాయేలు చొక్కాలు రెండు, మా పెళ్ళి బైబిలు, అత్త మందుల డబ్బా సంచిలో సర్దాను. ఎందుకు సర్దుతున్నావని పక్కింటి వాళ్ళు అడిగితే, మీరూ సర్దుకోండి అన్నాను, ఎందుకో చెప్పలేదు.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

అయిపోయింది.

పొద్దున్నే అరల్లోంచి కట్టలు వెనక్కి తీసుకున్నాను. ముప్పై తొమ్మిది కట్టలకి నేను వేసిన ముళ్ళు నేను వేసినట్టే ఉన్నాయి. మేయరుగారి కట్ట మీద మూడు టీ మరకలు. జైనబ్బీ కట్ట ఒక్కటే విప్పి మళ్ళీ కట్టి ఉంది, అదీ చేపల బుట్టకు వేసే ముడి. ఈమె ఇప్పుడు లేచి అడిగిందంటే అంతా బయటపడుతుంది.

సమావేశం మొదలైంది. మేయరుగారు కూర్చుంటూనే, ఇంకా కుర్చీ దగ్గరికి లాక్కోకముందే అన్నారు: గత సమావేశపు మినిట్స్ చదివినట్టు భావించి ఆమోదిద్దామా? జైనబ్బీ లేచింది. నా వైపు చూడలేదు.

"నేను భావించలేదు సార్, చదివాను. మొత్తం చదివాను. నాకు సమ్మతమే."

మేయరుగారు మురిసిపోయారు. అభివృద్ధికి జైనబ్బీగారు కూడా అడ్డం చెప్పకపోవడం ఈ సభకే గర్వకారణమన్నారు. నలభై చేతులు లేచాయి. ఆయన సంతకం పెట్టారు. నేను ముద్ర వేసి పెద్ద గుమాస్తా అరలో పడేశాను. ఆ అర మూత పడేటప్పుడు ఎప్పుడూ ఒక చిన్న చప్పుడు చేస్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ చప్పుడు అంత తియ్యగా ఎన్నడూ వినలేదు.

ఆశ్వయుజ శుద్ధ నవమి

తెల్లారగానే మా పేటకి రెండు రకాల బండ్లు వచ్చాయి. పంపులు విప్పడానికి క్రేన్లు, మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఊరి బస్సులు. ప్రతి గుమ్మం మీదా చీటీ: మీ చిరునామా నేటి నుంచి కొలనుగట్టు, పన్నెండో నంబరు. జనం ముందు నమ్మలేదు. జైనబ్బీ గడప గడపకీ తిరిగి ఎక్కించింది. కోళ్ళతో, మరమగ్గాల మోటార్లతో, కుట్టు మిషన్లతో ముప్పై ఒక్క కుటుంబాలు నడిబజారు మీదుగా ఊరేగింపులా పోయాం. షాపుల వాళ్ళు తలుపుల దగ్గర నిలబడి చూశారు. చప్పట్లు కొట్టిన వాళ్ళే, ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మేం దిగేసరికి మేయరుగారు తన గేటు బయట నిలబడి ఉన్నారు. పొద్దున నడకకని బయటికి వచ్చారట. తిరిగి వచ్చి తలుపు మీద అరచెయ్యి పెడితే తెరుచుకోలేదట. మా అత్త చెయ్యి పెట్టింది, తెరుచుకుంది. ఆమె ఆయన వైపు తిరిగి, జరగండి బాబూ దారికి అడ్డం అని లోపలికి పోయింది.

మా ఊళ్ళో బియ్యం, తాగేనీళ్ళు, కరెంటు అన్నీ మనిషి చిరునామా వెంట పోతాయి. హోటల్లో దిగుదామన్నా గది ఆయన చేతిని ఒప్పుకోదు. మధ్యాహ్నానికి ఆకలేసి, ఆయనే మా ఇంటికి పోయారు. భార్య కస్తూరమ్మ పోలేదు. ఒక్కణ్ణే పోతానన్నారు కదా, రాసి ఉంది కదా, అందట.

కమిషనరు నన్ను పిలిపించి గంటసేపు అరిచాడు. ఇదంతా నువ్వు కల్పించి రాశావన్నాడు. సభ రికార్డింగు పెట్టించాను. ఒక్క పొల్లు తేడా లేదు. మరి ఇన్నేళ్ళూ తీసేసినట్టు ఈసారి తీసెయ్యలేదేమని నిలదీశాడు.

"తీసెయ్యాలని రూలు ఎక్కడన్నా రాసి ఉందా సార్?" అన్నాను.

రద్దు చెయ్యాలంటే అష్టమికి కౌన్సిలు తీర్మానించాలి, ఆపై అష్టమికి ఆమోదించాలి. నన్ను తీసెయ్యాలన్నా అంతే. ఆ తీర్మానం కూడా నేనే చక్కగా రాసిపెడతానని చెప్పి వచ్చాను.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

కొలనుగట్టులో మాకు ఏ లోటూ లేదు. అత్త మేడ మీద గదిలో పడుకుంటోంది, కుళాయి గదిలోనే ఉంది, వరసలో నిలబడే పని లేదు. కస్తూరమ్మ మొదటి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది, మూడో రోజు వంటింట్లో మా ఆడవాళ్ళతో కలిసి చింతకాయలు దంచింది. కిటికీలోంచి చూస్తే మా పంపులు కొలనులో నీళ్ళు ఎగరేస్తున్నాయి, పాటకి తగ్గట్టు. చూడలేక కిటికీ మూసేశాను.

మేయరుగారు రోజూ మనుషుల్ని పంపుతున్నారు. మొదట బెదిరింపు, తరవాత బేరం. మా పేట మురుగు కాలవకి ఈ ఏడే నిధులిస్తారట. ఆ మాట పట్టుకొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, పేరు, చోటు, రోజు చెప్పమన్నాను. వాడు లేచిపోయాడు. సవరణ కాగితం మీద సంతకం పెడితే నేనే పోయి కమిషనరు కాళ్ళు పట్టుకుంటానని కబురు చేశాను. జవాబు రాలేదు. ఇంకా కాళ్ళు తడవలేదు కదా.

ఆశ్వయుజ పౌర్ణమి

పొద్దున తొమ్మిదిన్నరకి పోటు మొదలైంది. భూమి కింద గొట్టం ఉందన్నారే, అది ఉంది. కాకపోతే నీళ్ళు దానిలోంచి బయటికి పోవడానికి బదులు లోపలికి వచ్చాయి. జైనబ్బీ పడవ అడిగి తీసుకుని నేనొక్కదాన్నే పోయాను. వద్దంది, వినలేదు. సవరణ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి రవికలో దోపుకున్నాను.

మా వీధిలో నీళ్ళు కిటికీల దాకా ఉన్నాయి. మా ఇంటి అటక మీద ఆయన దుప్పటి, కళ్ళజోడు ఉన్నాయి, మనిషి లేడు. ఒక్క క్షణం నా ప్రాణం ఆగింది. చచ్చిపోతే సంతకం ఎవరు పెడతారని ఆగింది, అబద్ధం ఎందుకు రాయను. అప్పుడు పంపు గది వైపు నుంచి ఇనుము కీచుమన్న చప్పుడు వినబడింది.

గుమ్మం దగ్గర పడవ ఆపి చూశాను. పంపులున్న చోట రెండు గోతులు మిగిలాయి. మూలన పాత డీజిల్ ఇంజను, దానిముందు రొమ్ములోతు నీళ్ళలో మేయర్ సోమశేఖరంగారు. బనీను మీద ఉన్నారు. హ్యాండిల్ పట్టుకుని ఊగిపోతున్నారు. తిప్పుతారు, అది సగం తిరిగి ఎదురు తంతుంది, ఈయన వెనక్కి పడి నీళ్ళు మింగి మళ్ళీ లేస్తారు. అరచేతులు చితికి నెత్తురు కారుతోంది. ఎంతసేపటి నుంచి తిప్పుతున్నారో తెలియదు. నేను ఆపలేదు. చూస్తూ కూర్చున్నాను. ఇశ్రాయేలు ఎలా నిలబడి ఉంటాడో, కాలు ఎక్కడ తన్నిపెట్టి ఉంటాడో నాలుగు నెలలుగా ఊహించుకుంటూ బతికాను. ఇప్పుడు ఊహించుకోనక్కర్లేదు.

ఆయన నన్ను చూశారు. ఒగరుస్తూ చెయ్యి చాచారు.

"వచ్చి ఒక చెయ్యి వెయ్యమ్మా. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని గాదు."

నేను కదల్లేదు. విచారణ సంఘం ఆరుసార్లు కూర్చుని తేల్చలేని సంగతి ఈయనకి అరగంటలో తేలింది. ఏమన్నారు సార్, ఇంకోసారి అనండి, అన్నాను. ఆయనకి అర్థమైంది. తల వంచుకున్నారు. నీళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కాగితం తీసి పడవ అంచు మీద పరిచి, పెన్ను మూత తీసి పట్టుకున్నాను. నేనేమీ బెదిరించలేదు, ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ ఆయన చుట్టూ ఉన్న నీళ్ళే అంటున్నాయి.

"అన్నాను," అన్నారు చివరికి. "పూచీ నాదని అన్నాను. రాసుకోమని కూడా అన్నాను. నీ మొగుడి తప్పు లేదు."

సంతకం పెట్టారు. దాని మీద నెత్తురు వేలిముద్ర పడింది, తుడవలేదు. నా సంతకం కింద పెట్టాను, వదిలేసినది నేనని ఒప్పుకుంటూ. వచ్చే అష్టమికి ఇది సభ ముందుకు పోతుంది, ఆపై అష్టమికి మెంబర్లు చదవకుండానే ఆమోదిస్తారు. ఆ రోజు నుంచి గోడూరులో ఏ కుళాయి దగ్గరా మా అత్తను ఎవరూ వెనక్కి పొమ్మనలేరు. నా ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. నేను చేసిన దానికి అది తక్కువే.

చెయ్యి అందించి ఆయన్ని పడవలోకి లాగాను. ఇశ్రాయేలైతే ముందే లాగి ఉండేవాడు, కాగితం సంగతి తరవాత చూసుకునేవాడు. నేను ఇశ్రాయేలుని కాను. ఆయన వణుకుతూ కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. నువ్వు అడిగింది ఇచ్చాను కదమ్మా, ఇక కొలనుగట్టుకి తీసుకుపో అన్నారు.

జాలి పడ్డానా అంటే, వెతుక్కున్నాను. దొరకలేదు. పడవ తిప్పి మా ఇంటి కిటికీ దగ్గర ఆపాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. అటక ఎక్కడానికి భుజం ఆనించాను, కస్తూరమ్మ కట్టిచ్చిన అన్నం క్యారేజీ పైకి అందించాను, చేతులకి కట్టుకోమని ఇశ్రాయేలు చొక్కా చింపి ఇచ్చాను. మీ చిరునామా ఇదే సార్, నేను మార్చలేను, అన్నాను. కమిషనరు కాళ్ళు పట్టుకుంటానని కబురు చేశావు కదా అన్నారు. పట్టుకుంటాను, సాయంత్రమే పట్టుకుంటాను, కానీ కమిషనరు కూడా అష్టమి దాకా ఏమీ చెయ్యలేడు అన్నాను.

మళ్ళీ ఇల్లు చేరేది ఎప్పుడని అడిగారు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. ఓపిగ్గా లెక్క చెప్పాను. బహుళ అష్టమికి తీర్మానం పెడతారు, నేనే రాస్తాను. కార్తీక శుద్ధ అష్టమికి చదివినట్టు భావించి ఆమోదిస్తారు, ఆ రోజే మీ తలుపు తెరుచుకుంటుంది.

ఆయన వేళ్ళు మడుచుకుంటూ తిథులు లెక్కపెట్టుకున్నారు. మధ్యలో ఒక వేలి దగ్గర ఆగిపోయి నా ముఖంలోకి చూశారు. అవును సార్, అన్నాను. మధ్యలో అమావాస్య ఉంది.